బండి మీద రేడియో మోత పెడుతోందా? బ్యాటరీ మార్చే ముందు వైర్లు చూడండి

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. బడికి రానుపోను రోజూ అరవై కిలోమీటర్లు బండి మీద తిరుగుతాను. బండి 2015 నాటి వంద సీసీ మోటార్ సైకిల్, సెల్ఫ్ స్టార్ట్ ఉంది. కొన్ని నెలల కిందట హ్యాండిల్ మీద ఎఫ్ఎం, బ్లూటూత్ ఉన్న చిన్న రేడియో, రెండు స్పీకర్లు పెట్టించాను. మొదట్లో బాగానే పాడింది. ఇప్పుడు యాక్సిలరేటర్ ఇచ్చినకొద్దీ సన్నటి మోత పెరుగుతోంది. సెల్ఫ్ నొక్కితే రేడియో ఆగిపోయి, పెట్టుకున్న స్టేషన్లన్నీ పోతున్నాయి. హ్యాండిల్ ఎడమ వైపు పూర్తిగా తిప్పితే ఒక్కోసారి ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది. రెండు రోజులు వరసగా సెలవు వస్తే మూడో రోజు సెల్ఫ్ తీసుకోదు. మధ్యలో ఫ్యూజు పోతే రేడియో షాపులో ఇంకా పెద్ద ఫ్యూజు వేశారు. మెకానిక్ బ్యాటరీ మార్చమంటున్నాడు. రేడియో షాపు అతను బండిలో కరెంటు పుట్టించే కాయిల్ పోయిందంటున్నాడు. ఎవరిని నమ్మాలి? అసలు సెట్టే మార్చేయమంటారా?

సమాధానం: మాస్టారూ, ఇద్దరిలో ఎవరినీ ఇంకా నమ్మకండి. ఇద్దరూ ఖర్చు చెప్పారు గానీ, ఎవరైనా మీటరు పెట్టి చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చదివితే బ్యాటరీ కన్నా, కాయిల్ కన్నా వైరింగ్ మీదే నాకు అనుమానం. రేడియోకు కరెంటు ఎక్కడి నుంచి తీశారు, ఆ కరెంటు ఏ దారిన తిరిగి బ్యాటరీకి పోతోంది అన్నవి చూస్తే మీ ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం దొరుకుతుంది. ఇవే వైర్లకు కొత్త సెట్టు తగిలిస్తే పాత జబ్బులన్నీ దానికీ అంటుకుంటాయి.

మిగతావన్నీ తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు గానీ ఆ పెద్ద ఫ్యూజును మాత్రం ఇవాళే తీసేయండి. ఫ్యూజు ఉన్నది రేడియోను కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. ఎక్కడో వైరు ఒరుసుకుపోయి బండి బాడీకి తగిలిందనుకోండి. పది ఆంపియర్ల ఫ్యూజు అయితే అది కాలి కరెంటు ఆగిపోతుంది. ఇరవై ఆంపియర్లది వేస్తే ఫ్యూజు నిలిచి వైరు కాలుతుంది. ఆ వైరు మీ బండిలో పెట్రోలు ట్యాంకు కిందుగా వెళ్తోంది. పోయిన ఫ్యూజు స్థానంలో పెద్దది వేసిన మనిషి రోగం కుదర్చలేదు, రోగం గురించి చెప్పే నోరు మూశాడంతే. విడిగా ఆంప్లిఫయర్ లేకుండా రెండు చిన్న స్పీకర్లు పాడించే సెట్టుకు ఐదు ఆంపియర్లు మామూలుగా సరిపోతాయి. సెట్టు మీద వేరే అంకె రాసి ఉంటే అదే వేయండి, అంతకు మించవద్దు. ఆ ఫ్యూజు కూడా రేడియో దగ్గర కాదు, బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. రేడియో దగ్గర పెడితే మధ్యలో ఉన్న రెండు మూడు అడుగుల వైరుకు ఏ రక్షణా ఉండదు.

ఇక హ్యాండిల్ తిప్పితే ఆరిపోవడం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇదే. రేడియో వెనక నుంచి వచ్చే నల్ల వైరును ఎక్కడ బిగించారో ఒకసారి చూడండి. హ్యాండిల్ క్లాంపు బోల్టుకో, హెడ్‌లైట్ డోము స్క్రూకో బిగించి ఉంటారని నా అంచనా. 'బాడీ అంతా ఎర్తే (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారే) కదా' అనేది షాపుల్లో తరచుగా వినిపించే మాట. నిజమే, కానీ హ్యాండిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఏముంది? కోన్ సెట్ ఉంది. అంటే గ్రీజులో మునిగిన ఇనుప గోలీలు. మీ రేడియో కరెంటంతా ఆ గోలీల మీదుగా, గ్రీజును దాటుకుంటూ ఛాసిస్‌కు చేరాలి. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా ఆ తాకిడి మారుతుంది. ఒక్కోసారి పూర్తిగా తెగుతుంది. కొత్తలో బాగా పాడి, కొన్ని నెలలకు మొదలయ్యే జబ్బుకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఎందుకంటే వానకూ దుమ్ముకూ బోల్టు కింద తుప్పు చేరుతుంది, రాగి తీగ చిలుము పడుతుంది.

నా మాట నిజమో కాదో తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. మూడడుగుల వైరు ముక్క తీసుకుని ఒక కొన రేడియో నల్ల వైరుకు, రెండో కొన నేరుగా బ్యాటరీ మైనస్‌కు తగిలించండి. రేడియో పెట్టి హ్యాండిల్‌ను అటూ ఇటూ పూర్తిగా తిప్పండి. ఇప్పుడు ఆరిపోవడం లేదంటే దొంగ దొరికినట్టే. ఆ తాత్కాలిక వైరు స్థానంలో ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న వాహనాల వైరును, రెండు కొనలకూ లగ్గులు (బోల్టు కింద బిగించే లోహపు కొసలు) వేయించి, శాశ్వతంగా బిగించండి. హ్యాండిల్ పూర్తిగా తిరిగినా లాగుకోకుండా మెడ దగ్గర కాస్త వదులు ఉంచాలి. ఇంకా ఆరిపోతూనే ఉంటే ప్లస్ వైరునే అనుమానించండి. మెడ దగ్గర వేలసార్లు వంగి పై తొడుగు బాగానే ఉండి లోపలి తీగలు తెగిపోతుంటాయి. రేడియో పాడుతుండగా ఆ చోట వేళ్లతో మెల్లగా నలిపితే బయటపడుతుంది. ఫ్యూజు పోయింది కూడా అక్కడే వైరు ఒరుసుకోవడం వల్ల కావచ్చు కాబట్టి హెడ్‌లైట్ డోములోకి వైర్లు దూరే రంధ్రం అంచునూ, ట్యాంకు ముందు భాగాన్నీ వేలితో తడిమి చూడండి. ఆ పని చేసే ముందు బ్యాటరీ మైనస్ విప్పడం మరవద్దు.

యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే మోత ఎక్కడ పుడుతోందో చూద్దాం. ఇంజిన్ తిరిగేటప్పుడు మ్యాగ్నెట్ కాయిల్‌లో పుట్టేది ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు. దాన్ని రెగ్యులేటర్ డీసీగా, అంటే ఒకే దిశలో పోయే కరెంటుగా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. ఈ మార్పు ఎప్పుడూ నున్నగా ఉండదు, అలలు మిగులుతాయి. ఎనిమిది ధ్రువాల మ్యాగ్నెట్ అనుకుంటే ఇంజిన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగినప్పుడు కాయిల్‌లో సెకనుకు రెండు వందల అలలు పుడతాయి, ఆరు వేల చుట్లకు నాలుగు వందలు. ఇవి మన చెవికి చక్కగా వినిపించే స్వరాలే. మీకు వినిపిస్తున్నది అదే. మంచి బ్యాటరీ ఈ అలలను చాలా వరకు మింగేస్తుంది. బ్యాటరీ ముసలిదైతే మింగలేదు, ఆ మేరకు మీ మెకానిక్ మాటలో న్యాయం ఉండవచ్చు. కానీ ఎర్త్ దారిలో అడ్డు ఉన్నప్పుడు, ఆ దారినే హెడ్‌లైట్, ఇండికేటర్ల కరెంటు కూడా పోతున్నప్పుడు బ్యాటరీ ఎంత కొత్తదైనా మోత వస్తుంది. అందుకే ముందు ఎర్త్ వైరు వేసి, ఆ తర్వాత మోత సంగతి చూడమంటున్నాను. చాలా బండ్లలో అక్కడితోనే తగ్గిపోతుంది.

తగ్గలేదనుకోండి. అప్పుడు మోత ఏ గుమ్మంలోంచి లోపలికి వస్తోందో కనిపెట్టాలి. ఇంజిన్ నడుస్తుండగా ఎఫ్ఎం మీద విని, తర్వాత బ్లూటూత్ మీద ఏదైనా పాట పెట్టి వినండి. రెండింటిలోనూ మోత ఒకేలా ఉంటే అది కరెంటు వైర్ల గుండా వస్తోంది. ఎఫ్ఎంలోనే ఉండి బ్లూటూత్‌లో లేకపోతే ఏరియల్ గుండా వస్తోంది. ఒకవేళ మీరు ఫోనును సన్నటి ఆక్స్ కేబుల్‌తో కలిపి, అదే ఫోనును బండి ఛార్జరుకూ తగిలిస్తున్నట్టయితే, ఆ రెండూ కలిసి ఒక ఎర్త్ చుట్టును తయారుచేస్తాయి. ఛార్జరు పీకగానే మోత మాయమైతే అదేనని తెలుసుకోవచ్చు. బ్లూటూత్ వాడితే ఆ గొడవే ఉండదు. కేబులే కావాలంటే మధ్యలో వేసే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని, ఆ చుట్టును తెంచే చిన్న డబ్బీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది.

కరెంటు వైర్ల గుండానే అని తేలితే ఇంకో పరీక్ష ఉంది. ఇంట్లో లేదా పక్కింట్లో వేరే పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉంటే, ఇన్వర్టర్‌దైనా, స్ప్రేయర్‌దైనా సరే, రేడియో ప్లస్, మైనస్ రెండూ బండి నుంచి విడదీసి దానికి తగిలించండి. అక్కడ కూడా వైరులో ఫ్యూజు ఉండాలి. రేడియో ఇనుప డబ్బా బండికి తాకకుండా గుడ్డలో చుట్టి, అప్పుడు బండి స్టార్ట్ చేయండి. మోత లేకుండా శుభ్రంగా పాడితే సెట్టు భేషుగ్గా ఉన్నట్టు. ఇక సెట్టు మార్చాలన్న ఆలోచన మానుకోవచ్చు. ఇంత చేశాక, ఇంకా కాస్త మోత మిగిలితేనే నాయిస్ ఫిల్టర్ మాట. కాయిల్, కెపాసిటర్ ఉన్న చిన్న పెట్టె అది, రేడియో దగ్గరే ప్లస్ వైరులో వేస్తారు. మీ ఫ్యూజు విలువకు తగ్గని ఆంపియర్లది కొనండి. షాపుల్లో దీన్నే మొదట అమ్ముతారు. ఎర్త్ చెడిపోయిన బండికి ఫిల్టర్ వేయడం నాకు నచ్చని పని.

మోత కాక చిటపట శబ్దం ఉంటే దారి వేరు. మీరు రాయలేదు గానీ ఇదే అవస్థ పడుతున్నవారు చాలామంది ఉంటారు కాబట్టి చెబుతున్నాను. బండి ఐడిలింగ్‌లో ఉండగా ఇంజిన్ లయకు సరిగ్గా సరిపోయేలా రేడియోలో టిక్కుటిక్కుమంటే అది స్పార్క్ ప్లగ్ చేసే అల్లరి. విద్యుత్ నిప్పురవ్వ ఎక్కడ పుట్టినా రేడియో తరంగాలను వెదజల్లుతుంది. 1912లో టైటానిక్ ఓడ నుంచి సాయం కోరుతూ వెళ్లిన సంకేతాలను పంపింది నిప్పురవ్వల యంత్రమే. మీ ప్లగ్ కూడా తనకు తెలియకుండానే అలాంటి బుల్లి ప్రసార కేంద్రం. దాన్ని అణచడానికే ప్లగ్ లోపల సుమారు ఐదు వేల ఓముల నిరోధకం పెడతారు. చాలా కంపెనీల ప్లగ్గుల కోడ్‌లో 'ఆర్' అక్షరం అందుకే ఉంటుంది. ప్లగ్ మార్చినప్పుడు ఆ అక్షరం లేనిది చవగ్గా వస్తోందని వేయించి ఉంటే మళ్లీ మార్చండి. ప్లగ్ క్యాపు పగిలి స్పార్కు బయటికి దూకుతున్నా ఇదే శబ్దం వస్తుంది. చీకట్లో బండి నిలిపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి క్యాపు చుట్టూ నీలి మెరుపు కనిపిస్తుందేమో చూస్తే చాలు. చేత్తో మాత్రం ముట్టుకోకండి.

ఎఫ్ఎంలో ఇంజిన్‌తో సంబంధం లేకుండా బుస్సుమనే హోరు వస్తుంటే ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బును అనుమానించండి. బయట దొరికే చవక ఎల్ఈడీ బల్బుల లోపలి సర్క్యూట్లు, చవక యూఎస్‌బీ ఛార్జర్లు ఎఫ్ఎం పట్టీ మీద హోరు చిమ్ముతుంటాయి. బల్బు ఆర్పితే స్టేషను తిరిగి పలికితే వేరే పరీక్ష అక్కర్లేదు. ఏరియల్ వైరును కరెంటు వైర్లతో కలిపి చుట్టచుట్టి టేపు వేసి ఉంటే విప్పి విడిగా నిటారుగా పెట్టండి. వంద మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగం పొడవు మూడు మీటర్లు, అందులో నాలుగో వంతు డెబ్బై ఐదు సెంటీమీటర్లు. ఏరియల్ తీగ ఆ పొడవుకు దగ్గరలో ఉంటే మంచిది. చుట్టచుట్టి డోములో కుక్కిన తీగకు కొత్తగూడెం ఎఫ్ఎం అందలేదని సెట్టును తిట్టి లాభం లేదు. ఊళ్లు దాటుతున్నకొద్దీ మెల్లగా సన్నగిల్లిపోతుంటే అది దూరం వల్ల, కరెంటు వల్ల కాదు.

సెలవుల తర్వాత సెల్ఫ్ తీసుకోకపోవడం గురించి. చాలా సెట్లకు రెండు ప్లస్ వైర్లుంటాయి. పసుపు రంగుది బ్యాటరీకి ఎప్పుడూ తగిలి ఉండాలి. స్టేషన్ల జ్ఞాపకం దాని మీదే ఆధారపడుతుంది, చాలా సెట్లలో అసలు కరెంటు కూడా దానిలోంచే వస్తుంది. ఎర్రది తాళంచెవి తిప్పినప్పుడు మాత్రమే కరెంటు అందుకోవాలి. 'ఇప్పుడు మేలుకో' అని సెట్టుకు చెప్పే సంకేతం అది. పని తొందరలో ఈ రెంటినీ కలిపి మెలితిప్పి బ్యాటరీకే తగిలించేస్తారు. అప్పుడు మీరు బటన్ నొక్కి ఆపినా సెట్టు సగం నిద్రలోనే ఉంటుంది. బ్లూటూత్, గడియారం, చిన్న దీపం అన్నీ లోపల కరెంటు తాగుతూనే ఉంటాయి.

ఎంత తాగుతోందో కొలవండి. నాలుగైదు వందల్లో మల్టీమీటర్ వస్తుంది, బ్యాటరీ ఖరీదు కన్నా చాలా తక్కువ. తాళంచెవి తీసేసి, రేడియో ఆపి, బ్యాటరీ మైనస్ విప్పి, విప్పిన వైరుకూ టెర్మినల్‌కూ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టండి. మొదట పది ఆంపియర్ల స్కేలు, అంకె చిన్నదైతే మిల్లీ ఆంపియర్లు. మీటరు మధ్యలో ఉండగా పొరపాటున కూడా తాళంచెవి తిప్పవద్దు, సెల్ఫ్ నొక్కవద్దు. నొక్కితే మీటరు ఫ్యూజు పోతుంది. ఉదాహరణకు నలభై మిల్లీ ఆంపియర్లు కనిపించాయనుకోండి. ఇరవై నాలుగు గంటలకు 960 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే దాదాపు ఒక ఆంపియర్ అవర్ (ఏహెచ్). ఇప్పుడు బ్యాటరీ మీద రాసి ఉన్న ఏహెచ్ అంకె చూడండి. వంద సీసీ సెల్ఫ్ బండ్లలో అది సాధారణంగా మూడు, నాలుగు. రెండు రోజుల సెలవుకు సగం ఖాళీ. కొత్త బ్యాటరీ వేసినా మూడో రోజు ఇదే కథ.

పరిష్కారం చిన్నదే. పసుపును ఫ్యూజుతో బ్యాటరీకి ఉంచి, ఎర్రదాన్ని విడదీసి తాళంచెవి తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకు, ఒక ఆంపియరు ఫ్యూజుతో కలపాలి. ఆ వైరు ఏదన్నదే ఇక్కడ చిక్కు. దగ్గరలో ఉందని హెడ్‌లైట్ వైరుకు కలిపేస్తారు. మీ బండి 2015 నాటిది. 2017 ఏప్రిల్‌లో హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే పద్ధతి రాకముందు వచ్చిన చాలా వంద సీసీ బండ్లలో హెడ్‌లైట్‌కు కరెంటు బ్యాటరీ నుంచి కాక నేరుగా కాయిల్ నుంచే, ఏసీగానే వెళ్లేది. యాక్సిలరేటర్ ఇస్తే లైటు పెరగడం, తగ్గిస్తే మందగించడం అందుకే. డీసీ మీద పాడవలసిన రేడియోకు ఆ వైరు తగిలిస్తే దాని గతి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇంజిన్ ఆపి, తాళంచెవి తిప్పి, స్విచ్ వేసి చూడండి. హెడ్‌లైట్ వెలగకపోతే అది ఏసీ లైను, వదిలేయండి. అదే స్థితిలో బ్రేకు నొక్కితే వెనక బ్రేకు లైటు వెలిగిందా? అయితే బ్రేకు స్విచ్‌కు వచ్చే వైరులో బ్యాటరీ డీసీ ఉన్నట్టే. ఎర్ర వైరుకు అది తగిన చోటు.

మీ సెట్టుకు ఒకే ప్లస్ వైరు ఉంటే మొత్తం కరెంటునూ బ్రేకు స్విచ్ వైరు నుంచి లాగకుండా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే స్విచ్) వేయించండి. మామూలు పన్నెండు వోల్టుల రిలే కాళ్ల మీద 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. 30కి ఫ్యూజు మీదుగా బ్యాటరీ ప్లస్, 87 నుంచి రేడియోకు, 86కి బ్రేకు స్విచ్‌కు వచ్చే ఆ వైరు, 85కి ఎర్త్. తాళంచెవి తీయగానే రేడియోకు కరెంటు పూర్తిగా తెగిపోతుంది. స్టేషన్లను మరచిపోయే రకం సెట్టయితే రోజూ వెతుక్కోవాలి, నిజమే. అయినా సోమవారం పొద్దున బడి వేళకు బండి తొయ్యడం కన్నా అది నయం. రెండు వైర్ల సెట్టులో కూడా ఎర్రది విడదీశాక మళ్లీ కొలవండి. పసుపు ఒక్కటే ఐదు మిల్లీ ఆంపియర్ల లోపు తాగుతుంటే నిశ్చింతగా ఉంచేయండి. ఇంకా ముప్పై, నలభై తాగుతుంటే పసుపునూ రిలే వెనక్కి తోసేయడమే.

సెల్ఫ్ నొక్కితే ఆరిపోవడం కొంతవరకు సహజం. కార్లలో ఇంజిన్ తిప్పే ఆ క్షణం రేడియోకు కరెంటు ఆపే ఏర్పాటు తాళంలోనే ఉంటుంది. బండి తాళానికి అలాంటి మెట్టు లేదు. సెల్ఫ్ మోటారు పదుల ఆంపియర్లు లాగగానే బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది. చాలా చిన్న సెట్లు పది వోల్టుల చుట్టుపక్కలకు రాగానే తికమకపడి మొదటికొస్తాయి. రేడియో ఆపి సెల్ఫ్ నొక్కడమో, పొద్దున మొదటిసారి కిక్ కొట్టడమో అలవాటు చేసుకుంటే చాలు. కానీ స్టేషన్ల జ్ఞాపకం కూడా పోతోందంటే వోల్టేజి బాగా లోతుకు పడిపోతోందన్నమాట. ఇక్కడే మీ మెకానిక్, షాపు అతను పడుతున్న తగవును మీటరు తీరుస్తుంది.

రేడియో ఫ్యూజు తీసేసి, బండి ఒక రోజు బాగా నడిపి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే బ్యాటరీ వోల్టులు చూడండి. 12.6, ఆ పైన ఉంటే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. పన్నెండు కూడా లేదంటే ఖాళీ. తర్వాత మీటరు అలాగే పెట్టి సెల్ఫ్ నొక్కండి. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా తొమ్మిదిన్నర కిందికి పడిపోతే మెకానిక్ గెలిచాడు, బ్యాటరీ మార్చండి. ఆ ముందు టెర్మినల్ బోల్టులు బిగువుగా ఉన్నాయా, తెల్లటి బూజులాంటిది పట్టిందా చూడండి. తుడిచి బిగించి కాస్త వ్యాజిలైన్ రాస్తే బాగుపడిన 'చచ్చిన' బ్యాటరీలు చాలానే ఉంటాయి. ఇక ఇంజిన్‌ను మధ్యస్థంగా రేజ్ చేసి వోల్టులు చూడండి. పదమూడున్నరకూ పద్నాలుగున్నరకూ మధ్య ఉంటే ఛార్జింగ్ బాగుంది, కాయిల్ పోయిందన్న మాట ఉత్తదే. పదమూడు కూడా దాటకపోతే షాపు అతని మాట నిజం కావచ్చు. కాయిల్, రెగ్యులేటర్, వాటి మధ్య కనెక్టర్ మూడూ చూడాలి. పదిహేను దాటుతుంటే రెగ్యులేటర్ చెడింది. అది బాగుచేసేదాకా రేడియో తగిలించవద్దు, బ్యాటరీనీ రేడియోనూ కలిపి ఉడికిస్తుంది.

స్పీకర్ల గురించి మీరేమీ రాయలేదు గానీ ఎర్త్ అలా వేసిన చెయ్యి స్పీకర్లకు ఏం చేసిందో చూడాలనిపిస్తోంది. ఒక్కో స్పీకరుకు సెట్టు నుంచి రెండేసి వైర్లు వెళ్తున్నాయా, లేక ఒకటి వెళ్లి రెండోది బాడీకి బిగించారా? ఇప్పటి చిన్న సెట్లలో చాలా వాటికి స్పీకరు రెండు వైర్లూ ప్రాణమున్నవే, ఏదీ ఎర్త్ కాదు. పాట ఆపి రేడియో వెలుగుతుండగా స్పీకరు వైర్లలో ఒక్కోదానికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య డీసీ వోల్టులు చూడండి. రెండింటి మీదా ఆరేడు వోల్టులు కనిపిస్తే వాటిలో ఏదీ బాడీకి తగలకూడదు. తగిలితే సెట్టు వేడెక్కి ఆగిపోతుంటుంది, చివరికి లోపలి ఐసీ కాలుతుంది. ఒకే జత వైర్లకు నాలుగేసి ఓముల స్పీకర్లు రెండింటిని పక్కపక్కన కలిపినా రెండు ఓములై అదే వేడి. అట్ట మీద రాసిన వాట్లను మాత్రం పట్టించుకోకండి. పద్నాలుగు వోల్టుల మీద నాలుగు ఓముల స్పీకరుకు ఇలాంటి సెట్టు ఇవ్వగలిగింది, లెక్క కట్టి చూస్తే, ఇరవై వాట్ల చుట్టుపక్కలే. '4 x 45 వాట్లు' అని రాసినవాడికి ఆ అంకెలు ముద్రణ యంత్రం ఇచ్చింది, బ్యాటరీ కాదు.

కొత్త వైర్లు వేసేటప్పుడు మెలితిప్పి టేపు చుట్టే అతుకులు ఒప్పుకోకండి. ఎండకు టేపు జిగురు కారి ఊడుతుంది, వానకు లోపల చిలుము పడుతుంది. క్రింపు చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించి), వేడికి బిగిసే స్లీవు తొడిగించండి. సోల్డరింగ్ చేస్తానంటే ట్యాంకు దించి దూరంగా పెట్టాకే. రేడియోలోకి వెళ్లే వైరు సెట్టు కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా చూస్తే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. సర్వీసింగ్‌లో నీళ్ల గన్ను హ్యాండిల్ వైపు పట్టవద్దని ముందే చెప్పండి.

ఈ పనంతా మీరే చేయాలని కాదు. ఎర్త్ వైరు పరీక్ష, మూడు వోల్టేజి అంకెలు, సెలవు రోజు తాగే మిల్లీ ఆంపియర్లు, ఇవి మాత్రం మీరు చూసి కాగితం మీద రాసుకోండి. వాటితో రేడియో షాపుకు కాదు, ఊళ్లో ఆటోలకు, ట్రాక్టర్లకు వైరింగ్ చేసే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. నల్ల వైరు నేరుగా బ్యాటరీ మైనస్‌కు, ఎర్రది బ్రేకు స్విచ్ వైరుకు, పసుపు బ్యాటరీ పక్కన ఐదు ఆంపియర్ల ఫ్యూజుకు అని చెబితే పూటలో అయిపోయే పని. ఇంత చేసినా మోత తగ్గకపోతే ఆ అంకెలతో మళ్లీ రాయండి. మోత ఎఫ్ఎంలోనా, బ్లూటూత్‌లోనా అన్నది తప్పకుండా రాయండి.